ద్రాక్ష పందిరి కింద అమ్మ పరుపు

షార్జా రోలాలో మా తమ్ముడు ఖాసిం ఉండే ఫ్లాటులో వరండా లేదు. హాలుకీ వంటింటికీ మధ్య ఇరుకైన నడవ ఒకటుంది. అమ్మ పోయాక నాయననీ నన్నూ విజిట్ వీసా మీద పిలిపించుకుంటే, నాయన ఉన్నన్నాళ్లూ ఆ నడవలోనే తిరిగాడు. పొద్దున టీ తాగి తిరిగాడు, అన్నం తిని తిరిగాడు, నమాజు చేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మరదలు జరీనా వంటింట్లోంచి గిన్నె పట్టుకుని బయటికొస్తే గోడకి అతుక్కుని దారిచ్చేవాడు, ఆమె దాటగానే మళ్లీ నడక. ఎనభై దాటిన మనిషికి ఇంత సత్తువ ఎక్కడిదని మొదట్లో ఖాసిం, జరీనా మురిసిపోయారు. తర్వాత వాళ్లకీ తెలిసింది, అది సత్తువ కాదు, నిద్ర లేకపోవడం. ఖాసిం ఆయన కోసమని కొన్న ఫోమ్ పరుపు మీద ఆయన పడుకోడు. నేల మీద పడుకుంటే కన్ను మూతపడదు. రాయచోటిలో మా ఇంట్లోనూ కొన్ని నెలలుగా ఇదే వరస. నాకూ కుదురు తక్కువేనని మా ఇంట్లో అందరూ అంటారు. ఇద్దరు కుదురులేని మనుషుల్ని ఒక ఫ్లాటులో పెట్టుకుని ఖాసిం, జరీనా ఎలా వేగారో వాళ్లకే తెలియాలి.

ఆయన నిద్ర ఎందుకు పోయిందో నాకు తెలుసు. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు అరబ్బీలో చేస్తాం. పోయినవాళ్ల పేరు మీద నలభయ్యో దినాన ఒక లేనివాడికి పడక, బట్టలు, కంచం, చెంబు ఇవ్వడం మావాళ్లలో ఉంది. ఇచ్చినవి పోయినవాళ్లకి చేరతాయని నమ్మకం. పోయినవాళ్లు వాడినవే ఇవ్వాలంటాడు నాయన. అమ్మ వాడింది చాప. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి భార్య, బతికినన్నాళ్లూ చాప మీదే పడుకుంది. కాన్పులైనా చాపే, జ్వరమొచ్చినా చాపే. ఆ చాపనే చుట్టి, పైన దిండు పెట్టి, ఫాతెహా చదివించి, దర్గా దగ్గరుండే ఒక ముసలాయన చేతికిచ్చాడు నాయన. ఇచ్చి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి నన్నడిగాడు.

"అమ్మీ, ఆడ గూడా ఆమెకు చాపేనా?"

 కొత్త పరుపు ఒకటి కొని అమ్మ పేరు మీద ఇద్దామన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకి నాకే సిగ్గేసింది. "అది అంగట్లోది. ఆమెది గాదు. ఆమెది ఆమెకుండాది. కోర్ఫకాన్ అవతల, ద్రాక్షతోటలో ఉండాది," అన్నాడు. నలభై ఏళ్ల కిందట, దుబాయ్‌కి అవతల తూర్పు తీరాన కోర్ఫకాన్‌లో మేం బతికినప్పుడు చెయ్యి దాటిపోయిన పరుపు గురించి ఆయన నిన్న పక్కింటికి ఎరువిచ్చినట్టు మాట్లాడాడు. ఆ రోజు నుంచే నడక. దర్గా పెద్దాయన చెప్పినా, మా మేనత్త చెప్పినా ఒకటే మాట, అది తెచ్చి ఇయ్యాల.

ఖాసిం ఈ కథంతా విన్నవాడే తప్ప చూసినవాడు కాదు. మేం కోర్ఫకాన్ వదిలి ఊరికొచ్చేశాక పుట్టాడు. పెద్దయ్యాక వాడూ దుబాయ్ దారే పట్టాడు గానీ, జెబెల్ అలీలో ఉద్యోగం, రోలాలో కాపురం, ఈ రెంటి మధ్య కంపెనీ బస్సు. ఇన్నేళ్లలో తూర్పు తీరానికి వాడు వెళ్లిందే రెండు మూడు సార్లు, అదీ స్నేహితులతో ఫోటోల కోసం. అయినా నాయన అవస్థ చూసి, మా తిరుగు ప్రయాణం దగ్గరపడుతుండగా, ఒక సెలవు రోజు అందరం వెళ్దామన్నాడు. చూడాల్సిన చోట్లన్నీ ఫోన్‌లో గుర్తులు పెట్టుకున్నాడు.

"డ్యాము, సొరంగాలు, సముద్రం ఒడ్డు, జలపాతం, పాత మసీదు, అన్నీ చూపిస్తా నాయనా. ఆఖర్న ద్రాక్షతోట. ఒకపక్క కొండ, ఇంగోపక్క సముద్రం. ఫారిన్‌లో ఇట్లాంటి తోటల్లో ద్రాక్షసారా రుచి చూపిస్తారంట. ఈడ షర్బత్ పోస్తారు, అంతే తేడా."

నాయన నడక ఆగింది. "పందిరేనా?"

"ఫోటోలో పందిరి మాదిరే ఉండాది."

"బాయి ఉండాదా? రాతి కాలవ?"

"ఫోటోలో బాయి కనపడ్లా. బల్లలు, కుర్చీలు కనపడ్తాండాయి."

"పోదాం పా," అని నాయన చెప్పులు వెతుక్కున్నాడు. ఈ రోజు కాదు, ఎల్లుండి అని చెప్పి ఆయన్ని మళ్లీ నడవలోకి పంపేసరికి మా ముగ్గురి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రెండు రోజులూ చెప్పులతోనే తిరిగాడు.

బయల్దేరిన రోజు పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. మే నెల. తోటలు చూడ్డానికి చలికాలం రావాలి గానీ ద్రాక్షలకి ఎండాకాలమే కావాలి. ముందు సీట్లో నాయన, వెనక నేనూ జరీనా. ఊరు దాటి ఇసుక దాటి కొండలు మొదలయ్యాక సొరంగాలొచ్చాయి. ఒకటి దాటితే ఇంకొకటి. కొండ కడుపులో దీపాలు పెట్టుకుని చల్లగా కూర్చుని పోవడం జరీనాకి భలే సరదాగా ఉంది. నాకు మాత్రం ఏదో ఎగ్గొట్టినట్టనిపించింది. మా కాలంలో ఈ కొండల్ని ఎవరూ ఇలా పొడుచుకుని పోలేదు. మసాఫీ మీదుగా చుట్టు తిరిగి, వాగుల్లో దిగి, రాళ్ల మీద ఎగిరి పడుతూ ఎక్కాల్సిందే. నాయన పాత పికప్పు నడిపేవాడు, పక్కన అమ్మ, వెనక దిండ్ల మధ్య నేను. కుట్టిన సరుకు మీద కూర్చోవడం నిషేధం. దూది మూటల మీద కూర్చోవచ్చు. నేను మూటల మీద వెల్లకిలా పడుకుని కొండల అంచులు చూసేదాన్ని. అప్పుడు చూడాల్సిన చోట్లంటూ ఏవీ లేవు, పరుపులు అరిగిన ఇళ్లు ఉండేవి.

కోర్ఫకాన్ బజారులో చేపల సంత వెనక మాకొక అంగడి ఉండేది. అంగడి వెనకే ఒక గది, అదే మా ఇల్లు. నాయన కఫీల్‌కి, అంటే వీసాకి పూచీ ఉన్న అరబ్బు యజమానికి, పెద్ద కుటుంబం, బోలెడుమంది చుట్టాలు, వాళ్లందరి ఇళ్లలోనూ అతిథులు కూర్చునే మజ్లిస్ దిండ్లు అణిగిపోతూనే ఉండబట్టి, ఆయన దయతలచి అమ్మకీ నాకూ వీసా తీశాడు. నేను అక్కడున్నది మూడేళ్లు కూడా నిండలేదు. బడికి పంపించేవాళ్లు లేరు. అమ్మ బొగ్గుతో నేల మీద అక్షరాలు దిద్దించేది, నాయన వచ్చేసరికి ఆ అక్షరాల మీద దూది ధూళి పేరుకునేది. ఇంట్లో దేని మీద చూసినా ఆ తెల్లటి నూగే. నీళ్ల కుండ మూత మీద, అమ్మ ఎండబెట్టిన మిరపకాయల మీద, నాయన మీసాల మీద. పొద్దున లేవగానే అమ్మ అంగడి ముందు ఉప్పునీళ్లు చల్లేది, నూగు ఎగరకుండా. ఆ తడి మట్టి వాసన, చేపల సంత వాసన, కొత్త దూదిలో ఉండే పచ్చి గింజ వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా దూది మూట విప్పితే నాకు ముందు చేపలు గుర్తొస్తాయి.

నాయన విల్లు అందుకున్నాడంటే బజారంతటికీ తెలిసేది. మనిషంత పొడుగు విల్లు, పైనుంచి తాడుతో వేలాడేది. దాని నరం మీద కొయ్య గుండుతో కొడుతుంటే అణిగిపోయిన దూది మబ్బులా లేచి పడేది. ఊళ్లలోకి పోతే అరబ్బు పిల్లలు 'నద్దాఫ్! నద్దాఫ్!' అని పికప్పు వెంట పరిగెత్తేవాళ్లు. అంటే దూదేకేవాడు అని. మా కులం పేరు ఆ తీరంలో గౌరవంగా వినిపించిందని నాయన ఊరికొచ్చాక కూడా పదిమందికి చెప్పుకునేవాడు. పనిలో ఆయనకి కొన్ని పట్టింపులుండేవి. పరుపు కుట్టేటప్పుడు మూలల దగ్గర దారం రెండుసార్లు తిప్పి వెనక్కి లాగి ముడేసేవాడు, మిగతావాళ్లు ఒక్కసారే తిప్పేవాళ్లు. కుట్టడం అయ్యాక దాని మీద తను పడుకోడు, మమ్మల్ని పడుకోనివ్వడు. అది ఇంకొకరి నిద్ర, మనం ముట్టుకోకూడదనేవాడు. నాకు ఆ మాట అర్థమయ్యేది కాదు. మెత్తటివన్నీ బయటికి పోయేవి, మేం చాపల మీద పడుకునేవాళ్లం.

డ్యాము దగ్గర ఖాసిం కారాపాడు. కొండల మధ్య పచ్చటి నీళ్లు, బాతులు, చిన్న పడవలు, ఐస్‌క్రీం బండి. జరీనా దిగి ఫోటోలు తీసుకుంది. నాయన దిగలేదు. "నీళ్లే గదా," అన్నాడు. "తోట యాడ?"

"ఆఖర్న నాయనా."

"ఆఖర్న యాల? ముందే పోదాం."

"దారిలో వచ్చేటివి చూసుకుంటా పోవాల గదా. ఇంత దూరమొచ్చి ఏమీ చూడకుండా పోతే ఎట్ల?"

నాకూ చిరాకేసింది. ఖాసిం మీద కాదు, బాతుల మీద. అంత నింపాదిగా ఈదుతున్నాయి. యల్లా యల్లా అని నేనే తొందరపెట్టి అందర్నీ ఎక్కించాను.

కోర్ఫకాన్ రాగానే నేను అద్దానికి ముక్కు ఆనించాను. గుర్తుపట్టగలిగింది సముద్రం వంపు ఒక్కటే. ఒడ్డు పొడుగునా పచ్చిక, ఖర్జూరపు చెట్లు వరసగా, పిల్లల ఆటస్థలాలు, కాఫీ కొట్లు. కొండ మీంచి మనుషులు కట్టిన జలపాతం దూకుతోంది. అందంగా లేదంటే అబద్ధం. ఖాసిం గర్వంగా చూపిస్తున్నాడు, వాడే కట్టించినట్టు. చేపల సంత ఎక్కడుండేదో, దాని వెనక అంగడి ఎక్కడుండేదో నేను దిగి అటూ ఇటూ నడిచి చూశాను. ఏ దిక్కుకి తిరిగినా కొత్త రాళ్లు పరిచిన బాటే. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా గది పోయినందుకు కాదు, గదులు పోవాల్సిందే. అది పోయిన చోటైనా కాస్త గుర్తుపట్టేలా ఉంచొచ్చు కదా అని. నాయన మాత్రం కారులోంచే చూసి, "మంచిగా చేసినారు," అని ఒక్క మాటతో తేల్చేశాడు. ఆయన దృష్టి కొండల మీదుంది. ఏ కొండ తర్వాత ఏ కొండ వస్తుందో లోలోపల లెక్క చూసుకుంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి.

బిదియాలో ఆ చిన్న మట్టి మసీదు దగ్గర మాత్రం ఆయన దిగాడు. నాలుగు గుమ్మటాలు, లోపల ఒక్క స్తంభం, నాలుగు వరసలు నిలబడితే నిండిపోతుంది. చుట్టూ యాత్రికులు, తలకి గుడ్డలు కట్టుకుని ఫోన్లు ఎత్తి పట్టుకుని. "ఎండకు ఈడ పండుకుంటాంటి," అని నాయన ఖాసింకి చెప్పాడు, "ఆ పొద్దు ఎవురూ లేరు. గాలి, నేను." లోపలికెళ్లి రెండు రకాతులు నమాజు చేసి బయటికొచ్చి, "ఇంగ తోటకే," అన్నాడు. ఖాసిం ఇంకో రెండు చోట్ల పేర్లు చెప్పబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు.

ఆ తోట గురించి నాకున్నవి కొన్ని జ్ఞాపకాలే, కానీ అవి చెక్కుచెదరలేదు. సముద్రం వదిలి వాగు వెంట కొండల్లోకి పోతే రెండు జంట కొండల మధ్య ఉండేది. రాతి కాలవలో నీళ్లు పారేవి, ఖర్జూరం కొయ్యలతో వేసిన పందిరి మీద ద్రాక్షతీగ. దాని యజమానురాలు ఒక ముసలావిడ. నాయన ఆమెని ఉమ్మీ, అంటే అమ్మా, అనేవాడు. కొడుకు పెళ్లికి ఇంటి నిండా దిండ్లు, పరుపులు కావాలని నాయన్ని పిలిపించింది. పని పెద్దది కాబట్టి అమ్మా నేనూ కూడా వెళ్లాం. చాలా రోజులు ఆ పందిరి కిందే పని, అక్కడే తిండి. నాయన పందిరి కొయ్యకి విల్లు వేలాడదీశాడు. తెల్లటి దూది రేకులు లేచి పచ్చి ద్రాక్ష గుత్తులకి అంటుకునేవి, నేను వాటిని ఊదుతూ తిరిగేదాన్ని. అమ్మ దిండు గలేబులు కుడుతూ, కోర్ఫకాన్ వచ్చాక మొదటిసారి తీరిగ్గా కనిపించింది. ఆ నీడలోనే ఒకరోజు నాయన, "ఈ తూరి నీకొకటి కుడతా హుసేనమ్మా," అన్నాడు. అమ్మ నమ్మలేదు. కానీ మర్నాడు ట్రంకు పెట్టెలోంచి తన పెళ్లినాటి ఆకుపచ్చ చీర తీసి, నిలువునా చింపి, లోపలి గలేబుకి ఇచ్చింది. పైన చారల గుడ్డ, లోపల అమ్మ చీర. చింపుతుంటే నేను ఏడ్చాను, ఎందుకంటే ఆ చీర నాకిస్తానని ఎప్పుడో అంది. అమ్మ నవ్వి, "దాని మీద నువ్వు నా పక్కన పండుకుందువులే," అంది.

పరుపు పూర్తయిన రోజు, నాయన దాన్ని పందిరి కింద పరిచి చేత్తో తట్టి చూస్తుంటే, ముసలావిడ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో కుంటుతూ వచ్చి, ఒత్తి చూసింది, కూర్చుంది, తర్వాత పడుకుంది. కళ్లు మూసుకుని చాలాసేపు లేవలేదు. లేచి, ఇది నాకు అంది. నాయన ఏదో చెప్పబోయి ఆగిపోవడం నేను చూశాను. పెద్దది, నొప్పులున్న మనిషి, పడుకుని మరీ అడిగింది. "తీసుకో ఉమ్మీ," అన్నాడు. అమ్మ అక్కడే కూర్చుని దిండు గలేబు కుడుతోంది. తలెత్తలేదు. చేతిలో సూది ఆగలేదు. మేం వచ్చేటప్పుడు ముసలావిడ సంతోషంగా గంపెడు ద్రాక్షపళ్లు పికప్పులో పెట్టించింది. అంత తియ్యటి పళ్లు నేను మళ్లీ తినలేదు. అమ్మ ఒక్కటీ ముట్టలేదు. ఆ రోజే కాదు, చచ్చిపోయేదాకా ద్రాక్షపండు నోట్లో పెట్టలేదు. ఎవరైనా పెడితే, "నాకు పడవు," అనేది. పరుపు గురించి మాత్రం నాయన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నాయన ఇంకొకటి కుడతానంటే, "ఇంగ వద్దులే," అనేది, అంతే.

వాగు దారి ఇప్పుడు తారు రోడ్డు. నాయన ముందుకి వంగి అద్దానికి చెయ్యి ఆనించాడు. మలుపు తిరగ్గానే జంట కొండలు కనిపించాయి. "అవే," అన్నాడు.  ఖాసిం గుర్తుపెట్టుకున్న తోట, మా తోట ఒకటే కావాలని నేను అనుకోలేదు, నిజానికి కాకూడదనే అనుకున్నాను. కాకపోతే ఆయనకి ఇంకా వెతుక్కోవడానికి ఏదో మిగిలేది. ఇక్కడ లేదంటే ఇంక ఎక్కడా లేదు.

పెద్ద గేటు, రంగుల బోర్డు, ఉయ్యాల, బల్లలు, కుర్చీలు. పందిరి కొయ్యలు పోయి ఇనుప గొట్టాలొచ్చాయి గానీ తీగ అంతే దట్టంగా ఉంది. గుత్తులు ఇంకా ఆకుపచ్చగా, గట్టిగా. ఒక మూల పాత రాతి కాలవ సిమెంటు పూత లోంచి తొంగి చూస్తోంది. నాయన దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మేం మాట్లాడుకోవడం విని పైపు పట్టుకున్న ఒకాయన దగ్గరికొచ్చాడు. యాభై దాటి ఉంటాయి, తలకి తువ్వాలు.

"తెలుగోళ్లా? యాడికెల్లొచ్చిండ్రు?" అన్నాడు. పేరు గంగారాం. జగిత్యాల అవతల పల్లె. తోటపని ఆయనదే. షర్బత్ పోసి కూర్చోబెట్టాడు. నాయన గ్లాసు ముట్టకుండానే అడిగాడు, ఈ ఇంటి ముసలావిడ ఏమైంది, ఆమె పరుపు ఏమైంది అని. గంగారాం ఆ ప్రశ్నకి ఖంగుతిన్నాడు.

"ముసలమ్మనా? ఆమె కాలం జేసి శానేండ్లాయె పెద్దయ్యా. నేనసలు సూడలే. ఆమె పోయినంక బట్టలు, పరుపులు పనోళ్లకు పంచిండ్రట. నా కన్న ముందుగాల్ల ఈడ పనిజేసిన బంగ్లాదేశపాయన చెప్పిండు. గాయన పరుపు గాయన పోంగ నాకిచ్చిపోయిండు."

నాయన లేచి నిలబడ్డాడు. "యాడుండాది?"

గంగారాం గది తోట చివర ఉంది. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకి దేవుడి పటం, మేకుకి రెండు చొక్కాలు. మంచం మీద దుప్పటి తీశాడు. చారల గుడ్డకి ఎన్ని అతుకులు పడ్డాయో, అసలు గుడ్డ ఏదో తెలియదు. అణిగి అణిగి రొట్టెలా ఉంది. నాయన దాన్ని చూడనే లేదు, తిన్నగా మూలకి చెయ్యి పోనిచ్చి వేలితో కుట్టు తడిమాడు. రెండుసార్లు తిప్పి వెనక్కి లాగిన ముడి. "దబ్బనం ఉండాదా నాయనా?" అన్నాడు. ఖర్జూరం గోతాలు కుట్టే దబ్బనం గంగారాం దగ్గర ఉంది. నాయన కుట్టు విప్పి గుడ్డ మడిచాడు. లోపలి గలేబు ఎండుగడ్డి రంగుకి తిరిగిపోయింది. మడత లోపల మాత్రం ఇంకా ఆకుపచ్చగానే ఉంది.  నేను గడపలో కూలబడి గట్టిగానే ఏడ్చాను, చిన్నపిల్లలా. జరీనా వచ్చి పట్టుకుంది.

ఖాసిం నన్ను పక్కకి పిలిచి గుసగుసగా, "అక్కా, ఈయనకు కొత్తది ఒకటి కొనిద్దాం. ఇది మనం తీసుకుందాం. ప్లేన్‌లో ఎట్ల ఎక్కిస్తామో తర్వాత చూద్దాం," అన్నాడు. ఆ మాట గంగారాం చెవిన పడనే పడింది, మా ముఖాలు మార్చి మార్చి చూశాడు.  చివరికి ఒకటే అన్నాడు.

"ఏమనుకోకుండ్రి. కొత్తది నాకద్దు. దీని మీదైతే నిద్ర మంచిగ వడ్తది. పొద్దంత ఎండల జేసొస్త గద, పండుకుంటే సోయి ఉండది."

నాయన తలెత్తాడు. "నిద్ర పడతాదా?"

"వడ్తదయ్యా. పొద్దుగాల అలారం మోగితె గని లేవ."

నాయన విప్పిన మూల లోపలికి మడిచాడు. పరుపు చుట్టి భుజాన వేసుకోబోతే బరువుకి తూలాడు, ఖాసిం అందుకున్నాడు. పందిరి కిందికి తెచ్చి, బల్లలు జరిపించి, పాత దుప్పటి పరిచి, దూదంతా బయటికి తీశాడు. గట్టిపడి గడ్డలు కట్టి, మట్టి రంగులో ఉంది. విల్లు లేదు. రెండు ఖర్జూర మట్టలు ఈనెలు చెక్కించి తెమ్మన్నాడు. కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని గడ్డలు విడదీస్తూ ఆయన ముందుకి తోశాను. దూది చిక్కు ఎలా లాగాలో నా వేళ్లు మర్చిపోలేదని నాకప్పుడే తెలిసింది. కాసేపటికి ధూళి లేచింది, తర్వాత దూది లేచింది. రేకులు పైకెగిరి గుత్తులకి అంటుకున్నాయి. షర్బత్ తాగుతున్న వాళ్లెవరో ఇదీ ఒక చూడాల్సిన సంగతి అనుకుని ఫోన్లు ఎత్తారు. ఖాసిం వాళ్లని వారించబోతే నాయన నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

కొట్టడం, నింపడం, చీర గలేబు సర్ది మళ్లీ కుట్టడం అయ్యేసరికి పొద్దు కొండలవైపు దిగింది. ఖాసిం చూపించాలనుకున్న చోట్లు చాలా మిగిలిపోయాయి, వాడు వాటి ఊసే ఎత్తలేదు. నాయన కాలవ నీళ్లతో ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని వుజూ చేసుకుని వచ్చి, పరుపు ముందు కూర్చుని ఫాతెహా చదివాడు. పోయినవాళ్ల పేరు మీద ఇలా చదవడం ఈ దేశంలో ఒప్పుకోరని ఎప్పుడూ వారించే ఖాసిం కూడా చేతులెత్తి ప్రార్థించాడు. తర్వాత నాయన పరుపు చుట్టి, రెండు చేతులా ఎత్తి, గంగారాం చేతుల్లో పెట్టాడు.

"హుసేనమ్మ పేరు మీద ఇస్తాండా నాయనా."

గంగారాం బిత్తరపోయాడు. "గిది నాదే గద పెద్దయ్యా? మల్ల నాకే ఇయ్యవడ్తివి?"

"ఇంతకాలం నీకాడ ఉన్నింది. ఇయ్యలేదు ఎవురూ. ఇప్పుడు ఇస్తాండా. తీసుకున్యా అని నోటితో చెప్పు."

గంగారాం పరుపు వైపు చూశాడు, నాయన వైపు చూశాడు. ఏం అర్థమైందో గానీ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "తీసుకున్న పెద్దయ్యా," అన్నాడు. ఒక గుత్తి తెంపి జరీనా చేతిలో పెట్టాడు. నేనొక కాయ నోట్లో వేసుకున్నాను. పళ్లు పులిశాయి. ఇంకో నెలైనా ఆగాలట.

తిరుగుదారిలో వాగు మలుపు దాటకముందే నాయన తల పక్కకి వాలింది. మొదట భయమేసింది, తర్వాత గురక వినిపించింది. బిదియా వెళ్లింది, జలపాతం వెళ్లింది. సొరంగాల్లో దీపాలు ఆయన ముఖం మీద ఒకటి తర్వాత ఒకటి జారిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఈ దారి లేదు, ఈ దీపాలు లేవు, ఈ చల్లదనం లేదు, మెత్తటిదేదీ మాది కాదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. అయినా అమ్మకి చేరాల్సిన ఒక్క పరుపు కోసం ఆ ఎండల్లోకే వెనక్కి పోవాల్సొచ్చింది. ఆ పరుపు చేరుతుందా అని ఎవరైనా నన్నడిగితే నాకు తెలియదు. నాయనకి తెలుసు.

రోలాలో పార్కింగ్ దొరకడం మామూలు సంగతి కాదు. సెలవు రోజు సాయంత్రమైతే మరీ కష్టం. ఒక ఖాళీ జాగా కోసం ఖాసిం చుట్లు కొడుతూ విసుక్కోవడం నేను వచ్చినప్పట్నించీ చూస్తున్నాను. ఆ సాయంత్రం మా బిల్డింగ్ ముందే, మెట్లకి ఎదురుగా, ఒక జాగా ఖాళీగా ఉంది. ఖాసిం బండి నెమ్మది చేశాడు. ఇంకా గురక పెడుతున్న నాయన వైపు చూశాడు, అద్దంలోంచి నా వైపు చూశాడు. జరీనా వేలు పెదాల మీద పెట్టుకుంది. ఖాసిం బండిని ఆ జాగా దాటించి, ఇంకో చుట్టు తిప్పాడు.